ప్రమాణ విచలన్

సిరోంచ నుంచి అల్లపల్లి పోయే బస్సులో కూర్చుని పన్నెండో తరగతి సంఖ్యాశాస్త్రం బట్టీ పడుతున్నాను. మాది మహారాష్ట్ర సరిహద్దు, పుస్తకం మరాఠీలో ఉంది. "ప్రమాణ విచలన్" అని పదోసారి గొణుక్కునేసరికి, పక్కన రుమాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న రైతు నా వైపు తిరిగాడు.

"విచలన్ అంటే ఏంది బిడ్డా?"

"పక్కకు జరుగుడు, కాకా."

ఆయన ముఖం పాలిపోయింది. "ప్రమాణం తప్పుడా? దానికి గూడ లెక్క ఉంటదా?"

అది ఒట్టు గురించి కాదనీ, సగటు నుంచి అంకెలు ఎంత దూరం జరిగాయో చెప్పే కొలత అనీ చెప్పాల్సింది. చదువు చూపించుకునే తొందరలో, "ఉంటది కాకా, ఎంత జరిగిందో సరిగ్గ చెప్పొచ్చు" అన్నాను.

ఆయన రుమాలు మడతపెట్టాడు, మళ్లీ విప్పాడు.

"రేపు కోర్టుల ప్రమాణం చెయ్యాలె. మా తమ్ముడు ఒకని తల పగలగొట్టిండు. నేను చూసిన. చూడలేదని చెప్పుమని మమ్ముల గన్న అవ్వ నా కాళ్లు పట్టుకున్నది. జర చూడు బిడ్డా, ఎంత జరిగితే తప్పు గాదో మీ పుస్తకంల ఉంటదేమో."

నేను నిజంగానే పేజీలు తిప్పాను. ఇప్పటికీ సిగ్గేస్తుంది. అల్లపల్లి వచ్చేదాకా ఆయన నా వేళ్ల వంకే చూశాడు. తర్వాత రుమాలు భుజాన వేసుకుని దిగిపోయాడు.

పరీక్షలో ఆ లెక్కే వచ్చింది. పూర్తి మార్కులు పడ్డాయి. ఇప్పుడు ఆ పాఠం నేనే చెబుతాను. నల్లబల్ల మీద ఆ రెండు మాటలు రాసి, ముందుగా "ఇది ఒట్టు గురించి కాదు" అంటాను. పిల్లలు నవ్వుతారు. ఆ మాట వాళ్లకు కాదు.