మాటలు పోయిన నటుడూ, మా చిన్నాన్నా

మొన్న ఆదివారం చర్చి నుంచి వస్తూ మేముండే ఈ హిందీ ఊళ్లో, సుపేలా బజారు దగ్గర ఆటో దిగుతుంటే చిన్నాన్న కొడుకు ఫోన్ చేశాడు. "దీదీ, నాన్న ఎల్లిపోనారు" అన్నాడు. నాకు ముందు ఏడుపు రాలేదు. ఈ మాట మా నాన్నకి ఎలా చెప్పాలా అన్న భయం వచ్చింది.

నా చిన్నప్పుడు ఇక్కడి ఉక్కు ప్లాంటులో నాన్నకి, ఎర్రగా కాలిన ఇనుమును సాగదీసే రోలింగ్ మిల్లులో డ్యూటీ పడింది. గుండె బలహీనం, ఆ వేడికి తట్టుకోలేవన్నారు డాక్టరు. స్టోర్స్‌లో నెమ్మదైన పనిలో ఉన్న చిన్నాన్న "నానెల్తాను, నీకు పిల్లలున్నారు" అని ఆఫీసరును బతిమాలి ఆ చోటికి తను మారారు. ఆ మోతలో ఏళ్లు గడిచేసరికి ఆయన చెవులు రెండూ పోయాయి. నాన్న గుండె నిలబడింది. నా చదువు సాగింది.

వినబడటం పోయాక ఆయనకి మూకీ సినిమాల పిచ్చి పట్టింది. "ఈటిని మీరెంత సూత్తారో నానూ అంతే సూత్తాను" అనేవారు. అందులో ఒక అమెరికా నటుడంటే ప్రాణం. మేడల మీంచి దూకి, రైళ్ల వెంట పరిగెత్తి పెద్ద హీరో అయ్యాడట. మాటల సినిమాలు రాగానే గొంతు బాగోలేదని పక్కన పెట్టేశారట. చివరి రోజుల్లో గుంపులో నిలబడే వేషాలు వేశాడట. అలాంటి సినిమా ఒకటి పెట్టి, మధ్యలో ఆపి, వెనక వరసలో ఉన్న ముసలాయన్ని వేలితో చూపించేవారు.

"సూడే గుంటా. ఈడికి డైలాగు లేదు. అయినా ముందోడి మాట ఎంత బాగా ఇంటన్నాడో."

"వాడికి కోపం రాలేదా చిన్నాన్నా?" అని ఒకసారి ఆయనకి ఎదురుగా కూర్చుని అడిగాను.

"ఎవుడి మీద? సినిమాకి మాటొచ్చింది, మంచిదే కదా."

గుమ్మంలో నిలబడ్డ నాన్న చప్పుడు చేయకుండా బయటికి వెళ్లిపోయారు.

ఇప్పుడు నేను బడిలో పాఠాలు చెబుతాను. రోజంతా పిల్లల గొంతులు వింటాను. ఆ చదువు ఎవరి చెవుల వల్ల వచ్చిందో చిన్నాన్న ముందు ఎన్నడూ అనలేదు. అని ఉంటే "ఏటే పిచ్చిదానా" అని తీసిపారేసేవారు. నా బరువు దిగిపోయేది. అలా దించుకోవడం న్యాయం కాదనిపించేది.

సమాధుల దగ్గర పాస్టరు గారి ప్రార్థన అయింది. పెట్టె మూసేముందు నాన్న వచ్చి చిన్నాన్న ముఖం మీదికి వంగారు. ఆయనతో మేమెవరం గొంతు వాడం, పెదాలు నెమ్మదిగా కదుపుతాం, వాటిని చూసే ఆయన మాట పట్టుకునేవారు. నాన్న అలాగే మాట్లాడారు. ప్రార్థననుకుని చుట్టూ ఉన్నవాళ్లు తలలు వంచారు. "ఆ డ్యూటీ నాదిరా" అంటున్నారని నాకు తెలుస్తూనే ఉంది. అని, ఆగి, జవాబు కోసం చిన్నాన్న పెదాల వైపు చూస్తున్నారు.