పొయ్యిని తిప్పించిన ముచ్చట

నేను పుట్టింది కోరుట్లలో. మా అక్కను జగిత్యాలకు ఇచ్చారు, నన్ను సిరిసిల్లకు. అక్కావాళ్లు కొన్నేళ్ల కింద కొత్త ఇల్లు కట్టుకున్నారు. గృహప్రవేశం రోజు అందరూ పాలు పొంగడం చూస్తుంటే నేను వంటింటిని చూస్తూ నిలబడ్డాను. పొయ్యి దగ్గర చేయి చాపితే పోపు డబ్బాలు, పక్కనే సింకు, వెనక్కి తిరిగితే ఫ్రిజ్. మా అక్క నిలబడిన చోటు నుంచి కదలకుండా పదిమందికి చాయ్ పెట్టేసింది. నాకు కడుపు మండింది. అబద్ధం ఎందుకు, బాగానే మండింది.

మా వంటిల్లు రైలు పెట్టెలా పొడుగ్గా, సన్నగా ఉండేది. పొయ్యి ఒక చివర, నల్లా ఇంకో చివర, బియ్యం డబ్బా నడిమధ్యలో దారికి అడ్డంగా. అత్తమ్మా నేనూ ఎదురుపడితే ఒకరం గోడకు అతుక్కోవాలి. వంకాయలు కడిగి పొయ్యి దగ్గరికి చేరేసరికి నేలంతా నీళ్ల చుక్కలు. నేను ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాను. పొద్దున బడికి బయల్దేరే లోపల ఆ చివరికీ ఈ చివరికీ ఎన్నిసార్లు తిరుగుతానో లెక్కపెడదామని ఒకరోజు మొదలుపెట్టి, మధ్యలోనే కోపం వచ్చి మానేశాను.

పొయ్యి ఎదురుగా గోడకు ఒక కిటికీ ఉండేది. కిటికీ అనడం మర్యాద. రెక్కల్లేవు, ఊచల్లేవు, ఒట్టి చదరపు కంత. దాని అవతల రేకుల షెడ్డు. మరమగ్గాలను మా దగ్గర సాంచాలంటారు. మా మామ ముప్పై ఏళ్లకు పైగా ఆ షెడ్డులో సాంచాలు నడిపాడు. అత్తమ్మ ఇటు వంట చేస్తూనే, ఖాళీ దొరికితే అక్కడే కూర్చుని కండెలకు నూలు చుట్టేది. చాయ్ గ్లాసు ఆ కంతలోంచే అటు పోయేది, ఖాళీ గ్లాసు ఇటు వచ్చేది. తర్వాత గిరాకీ పడిపోయింది, సాంచాలు అమ్మేశారు. మామ మాత్రం ఆ ఖాళీ షెడ్డులోనే, కంతకు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. హాల్లో ఫ్యానుంది, టీవీ ఉంది, మనవరాలుంది. రేకుల కింద ఉడికిపోతూ కూర్చోవడం ఏమిటో నాకు అర్థమయ్యేది కాదు. ముసలి పట్టు అనుకున్నాను. ఆయనకు చెవులు కొంచెం మందం. అందులో వింతేం లేదు, సాంచాల దగ్గర బతికిన వాళ్లందరికీ అంతే. మా వాడలో ఇద్దరు మనుషులు బాగోగులు మాట్లాడుకున్నా కొట్లాట అనుకుంటారు కొత్తవాళ్లు.

ఆ షెడ్డులో కొంత కలుపుకుంటే వంటిల్లు రెండింతలవుతుందని నాకు తోచింది. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆయన, అంటే మా ఇంటాయన, రెండు నెలలు విని విని, "నీ నోటికి దండం, పిలువు మేస్త్రిని," అన్నాడు. 

గోడ పగలగొట్టే రోజు అత్తమ్మ నా పక్కకు వచ్చి నిలబడింది. మేస్త్రి సమ్మెట ఎత్తబోతుంటే మెల్లగా అంది.

"గా కిటికి జెర ఉంచరాదు బిడ్డా?"

"గోడనే పోతాంటే కిటికి ఏడుంటది అత్తమ్మా?" అన్నాను నవ్వుతూ. "గిప్పుడు షెడ్డుల ఏమున్నది సూడనీకి?"

"సరె తీయి. నీ ఇష్టం," అంది. అంతే. అత్తగారు ఒక్క మాటకే తగ్గితే ఏ కోడలైనా ఆగి ఆలోచించాలి. నేను ఆలోచించలేదు, గెలిచానని సంబరపడ్డాను.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు గానీ, మనుషులు కాపురం ఉంటుండగా వంటింటిని పగలగొట్టి చూడు అని పెద్దలు ఎందుకు అనలేదో. నెల రోజులు వరండాలో ఒంటి పొయ్యి మీద వండాం. ఉప్పు డబ్బా అడిగితే సిమెంటు డబ్బా చేతికొచ్చింది. చివరికి నా వంటిల్లు తయారైంది. మేస్త్రి తూర్పు గోడకు పొయ్యి పెట్టాడు, తూర్పుకు మొహం పెట్టి వండితే ఇంటికి మంచిదని. నల్ల బండ, పైన చిమ్నీ, చేతికందే అరలు, పక్కనే సింకు. వెనక వైపు తలుపు, తలుపు అవతల హాలు. అక్క జగిత్యాల నుంచి వచ్చి అటూ ఇటూ తిరిగి చూసి, "మంచిగనే ఉన్నది," అంది. ఆ "నే" దగ్గర నా కడుపు చల్లబడింది.

అత్తమ్మకు కొత్త పొయ్యి దగ్గర ఇబ్బందేమీ కాలేదు. కానీ ఆమె వంటలో ఏదో తేడా వచ్చింది. రుచిలో కాదు. వండుతూ మాటిమాటికీ వెనక్కి తిరిగేది. పోపు మాడేది. మామ షెడ్డు కుర్చీ తెచ్చి హాల్లో, వంటింటి తలుపుకు ఎదురుగా వేసుకున్నాడు. కాసేపు కూర్చునేవాడు, లేచి తలుపు దాకా వచ్చేవాడు, నిలబడి వెళ్లిపోయేవాడు. కొన్ని రోజులకు హాల్లో కూర్చోవడం కూడా మానేసి అరుగు మీదికి చేరాడు. తినడానికి పిలిస్తే రావడం, తినడం, పోవడం. ఇంట్లో ఒక మనిషి మాట తగ్గిపోయింది. 

"మీ నాయినకు నేను చేసిందేదీ నచ్చది," అన్నాను మా ఆయనతో.

"ఆయనకు నచ్చిందని ఎన్నడన్న చెప్పిండా?" అన్నాడాయన. అదీ నిజమే అనుకున్నాను. నేను ఈ ఇంటికి వచ్చి పదహారేళ్లు. మామ నాతో పట్టుమని పది మాటలు మాట్లాడిన రోజు లేదు. నేనేమైనా చెబితే తల ఊపేవాడు, అదీ ఒక్కోసారే. గట్టి మనిషి, గర్వం కొంచెం ఎక్కువ అనుకుని ఊరుకున్నాను.

ఒక మంగళవారం వాడలో ఆడవాళ్లంతా ఆటో మాట్లాడుకుని కొండగట్టు గుడికి బయల్దేరారు. అత్తమ్మ కూడా పోతానంది. పొద్దున చింతపులుసుకు పోపు వేస్తూ, తొందరలో పొయ్యి వైపే తిరిగి, తలుపు దగ్గర నిలబడ్డ మామతో చెప్పింది. నేను అక్కడే టిఫిన్ డబ్బా సర్దుకుంటున్నాను, నా చెవులతో విన్నాను. "నేను కొండగట్టుకు పోయొస్త. పొద్దుగూకె వరకు వస్త. అన్నం గిన్నెల ఉన్నది, వేడి జేసుకో." మామ కాసేపు నిలబడి అరుగు మీదికి పోయాడు. నేను బడికి పోయాను.

మధ్యాహ్నం ఎండలో బడి వాచ్‌మన్ వచ్చి మీ మామ గేటు దగ్గరున్నాడని చెప్పాడు. ఆయన ఎప్పుడూ బడికి రాలేదు. పరుగున పోయాను. చొక్కా గుండీలు తప్పి ఉన్నాయి, మొహమంతా చెమట. గేటు ఊచ పట్టుకుని నిలబడ్డాడు.

"మీ అత్త ఇంట్ల లేదు. మార్కెట్ల జూసిన, దవఖాన కాడ జూసిన. ఏడ లేదు. ఎటు వోయిందో ఏమో."

కొంగు సర్దుకుని, తల వంచి, పక్కకు తిరిగి నిలబడి చెప్పాను. "కొండగట్టుకు పోయింది మామా. పొద్దుగాల్ల చెప్పింది గద."

"ఆఁ?"

మళ్లీ చెప్పాను. మళ్లీ "ఆఁ?" అన్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు ఏమిటిది అని విసుగొచ్చింది. మూడోసారి అరిచాను. తొమ్మిదో తరగతి పిల్లలు కిటికీల్లోంచి తొంగి చూశారు. మామ ఒక అడుగు పక్కకు జరిగి, నేను ఎటు తిరిగి ఉన్నానో అటు వచ్చి నిలబడ్డాడు. మామూలుగా గట్టిగా మాట్లాడే మనిషి, గొంతు బాగా తగ్గించి అన్నాడు.

"మొత్తుకోకు బిడ్డా. నా దిక్కు మొకం పెట్టి మెల్లగ చెప్పు. నీ నోరు కనవడాలె నాకు."

తల ఎత్తాను. పదహారేళ్లలో మొదటిసారి ఆయన కళ్లలోకి చూశాను. ఆయన నా కళ్లు చూడటం లేదు, నా పెదవుల మీదే చూపు పెట్టి కాచుకుని ఉన్నాడు. "కొండ... గట్టుకు... పోయింది," అన్నాను. ఈసారి గొంతు పెంచలేదు. అయినా ఆయనకు అందింది. "అట్లనా," అని గేటు పక్క గద్దె మీద కూలబడ్డాడు. 

మిగతా పీరియడ్లు ఎలా చెప్పానో నాకు తెలియదు. కోరుట్లలో నన్ను సాగనంపేటప్పుడు మా అమ్మ చెప్పిన బుద్ధుల్లో ఒకటి, మామ ముందు తల ఎత్తి ఎదురుగా నిలబడి మాట్లాడొద్దని. తలుపు చాటునుంచో, పక్కకు తిరిగో చెప్పాలి. అదే మర్యాద. ఆ మర్యాద నేను తప్పకుండా పాటించాను, ఆయనకు నా మాట ఒక్కటీ చేరకుండా. పైగా ఆయనకు గర్వం అని పేరు పెట్టాను. ఆ రోజు నాకు నా మీద కలిగినంత రోత ఇంకెప్పుడూ కలగలేదు.

సాయంత్రం అత్తమ్మ బొట్టు పెట్టుకుని, ప్రసాదం పట్టుకుని దిగింది. విషయం విని మొదట మామ దగ్గరికి పోయింది, ఎదురుగా నిలబడింది. గొంతు లేదు, ఒట్టి పెదవులు కదిలాయి, చేయి రెండుసార్లు ఊగింది. మామ కూడా అలాగే ఏదో అన్నాడు. ఆమె ఆయన చొక్కా గుండీలు సరిచేసింది. ఆ తర్వాత వంటింట్లోకి వచ్చి నా పక్కన కూర్చుంది.

"సాంచాల సప్పుడుల ఎవలికి ఇనవడ్తది బిడ్డా? మేము నోరు జూసే మాట్లాడుకున్నం ఇన్నేండ్లు. ఆయనకు ఎన్నడో పోయినయ్ చెవులు. చెవుల పెట్టుకునే మిషిని తెచ్చి పెట్టిండు నీ మొగడు, అండ్ల గాలి సప్పుడు తప్ప ఏం రాదని తీసి పెట్టెల వేసిండు. కొంచెం మందమని చెప్పుకుంటడు గని, ఏం ఇనవడది. అందరికి తెలుసుడు ఆయనకు ఇష్టం లేదు."

"మరి కిటికి పగలగొడుతాంటే గట్టిగ చెప్పకపోతివి అత్తమ్మా!"

"ఎంత సంబురంగ కట్టిపిచ్చుకుంటున్నవ్. నీ సంబురం మీద మన్ను వొయ్యాల్నా?" అంది. ప్రసాదం పొట్లం విప్పుతూ, "ఇప్పుడు నా ఈపు కనవడ్తది ఆయనకు. ఈపుల ఏం మాటలుంటయి?" అంది.

నేను ఏడ్చాను. అత్తమ్మ నా చేతిలో కొబ్బరి ముక్క పెట్టి, ఎందుకేడుస్తవ్ తిను అంది.

మర్నాడు మేస్త్రిని పిలిపించాను. హాలుకూ వంటింటికీ మధ్య గోడను నడుం ఎత్తు దాకా కోసి, దాని మీద బండ వేసి, పొయ్యి అక్కడ పెట్టమన్నాను. వండేవాళ్లు హాలు వైపు తిరిగి వండాలి. మేస్త్రి తల పట్టుకున్నాడు. "మొన్న పెట్టిన బండ అమ్మా! చిమ్నీ ఏం గావాలె? పడమర దిక్కు మొకం పెట్టి వండుతరా ఎవలన్న?" మా ఆయన కూడా మేస్త్రి పక్షమే చేరబోయాడు. నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ అందుకుంది. "ఇన్నేండ్లు ఏ దిక్కు మొకం పెట్టి వండిన్నో నాకు తెల్వది అయ్యా. ఆయన దిక్కు పెట్టి వండిన. ముగ్గురు పిల్లలు పెరిగిండ్రు, ఏం గాలే." మేస్త్రి టేపు తీసి గోడ కొలవడం మొదలుపెట్టాడు.

ఇప్పుడు నా వంటిల్లు అక్క వంటింటిలా లేదు. సింకుకు మళ్లీ నాలుగడుగులు నడవాలి. పోపు ఘాటు హాలంతా కమ్ముకుని టీవీ చూసేవాళ్లు దగ్గుతారు. తూర్పు గోడ మీద చిమ్నీ కింద పొయ్యి లేదు, అక్కడ మిక్సీ పెట్టాం. అక్క ఫోన్‌లో పగలబడి నవ్వింది. నవ్వుకోనీ.

పొయ్యి తిప్పిన రెండో రోజో మూడో రోజో, ఆదివారం, వంట నాది. పచ్చిపులుసు చేసి అత్తమ్మను రుచి చూడమని చెప్పి, నేను గిన్నెలు పట్టుకుని హాలు వైపు వచ్చాను. మామ కుర్చీలో ఉన్నాడు. చేత్తో నాకు సైగ చేశాడు.

"జెర పక్కకు జరుగు బిడ్డా. ఆమె ఏందో చెప్తాంది."

వెనక్కి చూశాను. అత్తమ్మ పొయ్యి దగ్గర గరిటె పట్టుకుని, పెదవులు కదుపుతూ, నన్ను చూడగానే టక్కున ఆపేసి గిన్నెలోకి తల దించింది. అప్పుడు తట్టింది నాకు. ఆ కంతలోంచి, నా తల మీదుగా, నా కళ్ల ముందే, పదహారేళ్లుగా ఈ ఇద్దరూ నా గురించి ఎన్ని మాట్లాడుకున్నారో! ఆ ఇంట్లో ఏమీ వినబడనిది నాకే.

మామ ముందుకు పోయి, కొంగు గింగు సర్దుకోకుండా, ఎదురుగా నిలబడ్డాను. నా నోరు ఆయనకు బాగా కనబడేటట్టు, మెల్లగా అడిగాను.

"ఏమన్నది మామా?"

ఆయన నా పెదవుల వంక చూశాడు, అత్తమ్మ వంక చూశాడు. ఆమె వద్దు వద్దని తల ఊపుతోంది. ఆయన భుజాలు కదిలేలా నవ్వాడు. ఆయన నవ్వడం నేను అంత దగ్గరగా చూడలేదు.

"పులుసుల ఉప్పు ఎక్కువైందట," అన్నాడు వాడంతా వినబడేంత గట్టిగా. "నీకు చెప్పద్దన్నది."

పదహారేళ్లకు మా మామ నాతో చెప్పిన మొదటి చాడీ అది.