పై నాలుగు అంగుళాల ఇసుక

పదకొండేళ్లుగా ఒక పేరు నుంచి తప్పించుకు తిరుగుతున్నాను. ఆ పేరు మారెప్ప. బస్సులో వెనక సీట్లో ఎవరో ఎవరినో ఆ పేరుతో పిలిచినా తల తిప్పి చూసే ధైర్యం ఉండదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లకు చెబుదామని వెళ్లిన ప్రతిసారీ మాట వేరే దారి పట్టింది. వానల గురించో పుస్తకాల గురించో మాట్లాడి లేచి వచ్చేశాను.

ముందు నా గురించి కొంచెం చెప్పాలి. గొప్పకు కాదు. కాదని ఎందుకంటున్నాను? కొంత గొప్పకే. పదో తరగతితో నా చదువు ఆగిపోయింది. ఆ తర్వాత నేర్చుకున్నదంతా అనంతపురం గ్రంథాలయంలో, ఫ్యాను గాలి అందని ఒక మూల బల్ల దగ్గర. నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు నేర్చుకున్నాను. నక్షత్రాల గురించి, తేనెటీగల గురించి, పాత కాలపు రోమనులు వేసిన రోడ్ల గురించి చదివాను. చదివింది ఎవరికైనా చెప్పాలనే ఆత్రం మాత్రం తీరేది కాదు. వినేవాళ్లు లేరు. ఇంట్లో నేనొక్కణ్ణే.

ఆ ఏడాది ఒక గ్రానైటు వ్యాపారి మా ఊరి తరఫున క్రికెట్ జట్టు పెట్టాడు. ఆటగాళ్లకు జీతాలిచ్చి, చుట్టుపక్కల జిల్లాల జట్లతో సీజనంతా ఆడించే లీగు అది. ఊరి బయట మైదానం. స్కోరు రాయడానికి, ఉత్తరాలు రాయడానికి నన్ను తీసుకున్నారు. పిచ్ చూసుకునేది మారెప్ప. కుందుర్పి దగ్గరి పల్లె ఆయనది. అరవై దాటాయి. అక్షరం రాదు. ఎండిపోయిన చెరువుల్లో తిరిగి ఏ చెరువు బంకమట్టి మంచిదో ఎంచి, ట్రాక్టర్లలో తెప్పించి, పొరలు పొరలుగా పరిచి, తడిపి, రోలరు తిప్పించేవాడు. మట్టి ఎలాంటిదో తెలుసుకోవడానికి చిటికెడు నోట్లో వేసుకుని ముందు పళ్ల మధ్య నలిపేవాడు. కరకరలాడితే వద్దనేవాడు. వెన్నలా జారితే తలూపేవాడు.

నాకది చూస్తే నవ్వొచ్చేది. నవ్వేనా, అసూయా? మా జట్టు బలమంతా కర్నూలు నుంచి వచ్చిన ఇద్దరు ఫాస్ట్ బౌలర్లు. ఆయన చేసిన సాధన పిచ్ మీద వాళ్ల బంతి గుండెల దాకా లేచేది. సాధన అయిపోగానే ఆయన చుట్టూ చేరి మట్టి గురించి అడిగేవారు. నేను రోమనుల రోడ్ల గురించి ఎత్తుకుంటే ఫోన్లు చూసుకునేవారు.

అలాంటి రోజుల్లో గ్రంథాలయంలో ఆట మైదానాల మీద ఒక పాత ఇంగ్లీషు పుస్తకం దొరికింది. పిచ్‌ల అధ్యాయం తెరిచి నిలబడే చదివాను. పై నాలుగు అంగుళాల మట్టిలో జల్లించిన ఇసుక కలిపితే నీరు నిలవకుండా ఇంకిపోతుందని ఉంది. నీరు నిలవకుండా. మా ఊళ్లో. బోరు వట్టిపోయి ట్యాంకరు నీళ్లతో పిచ్ తడుపుకునే చోట, నీరు నిలుస్తుందేమోనని దిగులుపడ్డవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. అప్పుడు మాత్రం నాకది కొత్త వెలుగులా కనిపించింది.

సీజనుకు ముందు మారెప్ప మ్యాచ్‌లు ఆడే పిచ్‌కు కొత్త మట్టి పరిచి చదును చేసి, కూతురి కాన్పుకని ఊరికి వెళ్లాడు. ఐదు రోజులు. మైదానం ప్రహరీ కడుతున్నారు కాబట్టి ఇసుక కుప్ప అక్కడే ఉంది. మేస్త్రీలు వెళ్లిపోయాక, మూడు సాయంత్రాలు, నేనే జల్లెడ పట్టి, గంపలతో మోసి, పై మట్టిని పారతో తిరగేసి కలిపి, చెక్క పలకతో మళ్లీ చదును చేశాను. చేతులు బొబ్బలెక్కాయి. ఆ మూడు రోజులు ఎంత సంతోషంగా ఉన్నానో చెబితే మీరు నమ్మరు. మొదటి మ్యాచ్ గెలిచాక జట్టు మేనేజరుతో "అది నా ఆలోచన సార్" అని నెమ్మదిగా అనాలనుకున్నాను. ఎలా అనాలో కూడా ఇంట్లో అని చూసుకున్నాను.

మారెప్ప తిరిగొచ్చాడు. నీళ్లు పట్టి, ఆరబెట్టి, రోజంతా రోలరు తిప్పించాడు. నున్నటి బండలా మెరవాల్సిన పిచ్ మెరవలేదు. ఆయన గొంతుక్కూర్చుని వేలితో లోపలికి గీరి చిటికెడు మట్టి నోట్లో వేసుకున్నాడు. చాలాసేపు నలిపి ఉమ్మేసి, నన్ను పిలిచాడు.

"సారూ, ఈడికి రా. ఇది నేను తెచ్చిన మన్ను మాదిరి లేదు."

"ఏమైందన్నా?"

"కరకర అంటాండాది. ఇసుక పడినాది దీంట్లో. నేను లేనప్పుడు ఎవురన్నా వచ్చినారా?"

"ఎవురొస్తారన్నా. పక్కన గోడ కడతాండారు గదా, గాలికి పడింటాది."

"గాలికా." ఆయన పిచ్ వైపు చూశాడు. "ఇంత లోతుకు గాలి యాడ పోతాదప్పా? అదేమన్నా పార తెచ్చుకున్నాదా?"

నేను నవ్వాను. ఆయనా నవ్వాడు. తర్వాత నా ముఖంలోకి చూసి అన్నాడు.

"పోనీలే. నువ్వు సదువుకున్నోడివి, ఈడే ఉన్నోడివి. నువ్వు గాలంటే గాలే అయింటాది."

ఆ రోజే ఆయన మేనేజరు దగ్గరికి వెళ్లి, పై మట్టి తీసేసి మళ్లీ పరుస్తానని, ఒక వారం కావాలని అడిగాడు. మేనేజరు పక్కనే ఉన్న నా వైపు తిరిగి, మీరేమంటారన్నాడు. అవసరం లేదన్నాను. పుస్తకం నా వైపుంది కదా. నాచేత ఆ మాట అనిపించింది అదొక్కటేనా? ఆయన తవ్వితే ఇసుక బయటపడుతుందన్న భయం కూడా ఉందా? ఉంది. ఈ మాట ఇంతకుముందు నాలో నేను కూడా అనుకోలేదు.

మొదటి మ్యాచ్‌లో మా బౌలరు అంత దూరం నుంచి పరుగెత్తి వచ్చి వేసిన బంతి మోకాలి ఎత్తు కూడా లేవలేదు. ఇసుక కలిసిన మట్టి గట్టిపడక, పడిన చోట దుమ్ము లేచింది. అవతలి జట్టులో స్పిన్నర్లు ఎక్కువ. ఆ దుమ్ములో వాళ్ల బంతి ఇష్టం వచ్చినట్టు తిరిగింది. ఓడిపోయాం. రెండోదీ ఓడిపోయాం. ప్రహరీ మీద కూర్చున్న వాళ్లలో ఒకడు అరిచాడు. "ఏమప్పా మారెప్పా, ఈడ శెనక్కాయలన్నా ఏసుకో. బంతి లేయకున్నా అయ్యన్నా లేస్తాయి." గోడంతా నవ్వింది. మారెప్ప రోలరు పక్కన నిలబడి తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూనే ఉన్నాడు. నేను స్కోరు పుస్తకంలోకి తల దించుకున్నాను.

మరుసటి రోజు గ్రంథాలయానికి వెళ్లి అదే పుస్తకం తీశాను. ఈసారి మొదటి పేజీ నుంచి చదివాను. ముందుమాటలోనే ఉంది, ఏడాది పొడవునా వానలు పడే దేశాల మైదానాల కోసం ఈ పుస్తకమని. ముందుమాటలు దాటేసి చదవడం నా అలవాటు. అంత తొందర నాకు. ఆ రోజు దాకా నేను చేసింది తెలివితక్కువ పని. ఆ రోజు నుంచి చేసింది వేరు. అది వేరని ఒప్పుకోవడానికే ఇన్నేళ్లు పట్టింది.

మూడో మ్యాచ్ కూడా పోయాక మేనేజరు గదిలోకి పిలిచి, పిచ్ ఎందుకిలా అయిందని అడిగాడు. నేను ఒక్క వాక్యమే అన్నాను. "మట్టి తెచ్చింది మారెప్పే సార్."

అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. అందుకే దాన్ని ఏరుకున్నాను. అన్ని పుస్తకాలు చదివినందుకు నాకు బాగా వచ్చింది ఇదేనేమో, నిజంలోంచి నాకు పనికొచ్చే ముక్కను కోసుకోవడం.

మరుసటి ఉదయం మారెప్పను తీసేశారు. సంచి భుజాన వేసుకుని, నాకు చెప్పిపోదామని స్కోరు గదికి వచ్చాడు. నేను లోపల గడియ పెట్టుకుని కూర్చున్నాను. రెండుసార్లు తట్టాడు. "సారు లేనట్టుండాడు" అని ఎవరితోనో అన్నాడు. చెప్పుల చప్పుడు గేటు దాకా వినిపించింది.

ఆ సీజనులో సొంత మైదానంలో ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. వ్యాపారి జట్టునే ఎత్తేశాడు. మారెప్ప వేరే మైదానాల్లో పని అడిగితే, జట్టును ముంచినోడివి నువ్వే కదా అన్నారట. అది కూడా ఎవరో చెబితే విన్నాను. విని ఊరుకున్నాను.

రెండేళ్ల తర్వాత కుందుర్పి బస్టాండులో కనిపించాడు. చింతపండు గోడౌనుకు కాపలా ఉంటున్నానన్నాడు. వద్దన్నా వినకుండా టీ ఇప్పించాడు. ఆయన ఆ పిచ్ మాట ఎత్తకుండా ఉంటే బాగుండునని అనుకుంటూ టీ తాగుతున్నాను. ఎత్తాడు. "నా నాలికే సచ్చినాదేమో సారూ. చెడ్డమన్ను మంచిదనుకొని తెచ్చింటా. నా వల్ల నీకు గూడా మాట వచ్చిండాల" అన్నాడు.

నన్ను ఓదారుస్తున్నాడు. బస్సు రావడానికి ఇంకా టైముంది. నేనూ ఆయనా తప్ప దగ్గరలో ఎవరూ లేరు. ఇంతకంటే మంచి అవకాశం మనిషికి దొరకదు. గ్లాసు కింద పెట్టి, వస్తానన్నా అని లేచాను.

ఉద్యోగం పోగొట్టాను, అది ఒకటి. జీవితమంతా నమ్ముకున్న తన నాలుక మీద ఆయనకే నమ్మకం లేకుండా చేశాను. దీనికి ఏ శిక్ష సరిపోతుందో నాకు తెలియదు. ఆయన ఇంకా ఉన్నాడు. కుందుర్పి నాలుగైదు గంటల దూరం కూడా కాదు. అక్కడికి పోకుండా, ముఖం తెలియని మీకు రాస్తున్నానంటే, ఇదీ పిరికితనమే. ఒకవేళ పోతానా? పోతానని రాయాలనిపిస్తోంది. అలాంటి వాగ్దానాలు నాకు నేను చాలా చేసుకున్నాను కాబట్టి రాయను.

నా పేరు ఇందులో ఎక్కడా లేదు. ఆయన పేరు మాత్రం దాచలేదు, ఎందుకంటే చెడిపోయింది ఆ పేరే. ఒక్కసారైనా అది సరైన మాట పక్కన ఉండాలి. ఆ మాట రాస్తుంటే, చాలా ఏళ్ల తర్వాత ఊపిరి కిందిదాకా అందుతోంది.

మారెప్ప తెచ్చింది మంచి మట్టి. ఇసుక కలిపింది నేను.