మూఢంలో మేస్త్రితో బేరం

చిక్కడపల్లి సందులో మా ఇల్లు పాతది. స్నానాల గదీ మరుగుదొడ్డీ పెరటి చివర ఉంటాయి. వానాకాలం వస్తే మధ్యలో ఉన్న షాబాద్ బండలు నాచు పట్టి జారుతుంటాయి. పోయిన ఏడాది అమ్మ అక్కడే జారి చతికిలబడింది. అదృష్టం బాగుండి ఎముకలేవీ విరగలేదు. అయినా అప్పట్నుంచీ ఆమె పెరట్లోకి అడుగుపెడితే చాలు, నా గుండె గుబేలుమనేది. అమ్మ గదికి ఆనించి చిన్న బాత్రూం కట్టించాలని నిర్ణయించుకున్నాను.

మేస్త్రిది మహబూబ్‌నగర్ వైపు. మా ఇంటి మురుగు మోరీ, రేకులు బాగుచేసింది అతనే. ఎండాకాలంలో వచ్చి, టేపు పెట్టి కొలిచి, సామానూ కూలీ అంతా కలిపి గుత్తకు ఒక రేటు చెప్పాడు. "ఆలోచించి చెప్తా" అన్నాను. నేను ఆలోచించడమంటే, రేటు దానంతటదే దిగివస్తుందని కూర్చోవడం. దాన్ని మా ఆవిడ పిసినారితనం అంటుంది, నేను ముందుచూపు అంటాను.

చిత్రమేమిటంటే, అది నిజంగానే దిగింది. అశోక్ నగర్‌లో టీ తాగుతుంటే పక్క బల్ల మీద కోచింగ్ పిల్లలు ఇనుము ధర ఎందుకు పడిపోయిందని గొంతులు చించుకుని వాదించుకుంటున్నారు. వాళ్లకది పరీక్షలో ఒక ప్రశ్న. నాకేమో బాత్రూం. సగం టీ వదిలేసి, స్కూటర్ తీసుకుని నారాయణగూడలో ఇనుము దుకాణానికి పోయాను.

"అవు సారు, దిగింది. సిమెంటు కూడ దిగింది. మూఢం గద, ఎవ్వరు పని షురూ చేస్తలేరు. గిరాకే లేదు," అన్నాడు దుకాణదారు ఈగలు తోలుకుంటూ.

ఆ మాటల్లో నా చెవికెక్కింది 'దిగింది' ఒక్కటే. అక్కడి ఫ్లైఓవర్ దగ్గర, కూలీల అడ్డా మీద మేస్త్రి దొరికాడు.

"ఎండాకాలం చెప్పిన రేటు ఇప్పుడు చెల్లదు మేస్త్రీ. ధరలు పడ్డయ్. జర తగ్గించి చెప్పు."

"గట్లెట్ల సారు? ధరలు పెరిగుంటే, ఎక్కువియ్యుమని నేనడిగితే ఇచ్చేటోళ్లా?"

"ఇచ్చేటోణ్ణి కాదు."

"మరి?"

"పెరగలేదు గద!"

నా మాట నాకే అన్యాయంగా వినిపించింది. కానీ బేరంలో సిగ్గుపడితే పనులు కావు. మేస్త్రి గడ్డం గోక్కుంటూ కాసేపు నవ్వాడు.

"సరే, తగ్గిస్త. కానీ ఎల్లుండే షురూ చెయ్యాలె. మూఢం పోయినంక అందరు ఒక్కసారే మొదలువెడ్తరు, ధరలు మళ్ల లేస్తయ్. అప్పుడు నన్ను పరేషాన్ చెయ్యొద్దు."

అక్కడికక్కడే బయానా చేతిలో పెట్టి, ఇంటికొచ్చి నా గొప్ప చెప్పుకున్నాను. అమ్మ గోంగూర తెంపడం ఆపి తలెత్తింది.

"మూఢంలనా?"

దుకాణదారు చెప్పింది అప్పటికి గానీ పూర్తిగా నా బుర్రకెక్కలేదు. మూఢంలో ఎవరూ పని మొదలుపెట్టరు గనకే ధర తగ్గింది. అలా మొదలుపెట్టని వాళ్లలో అందరికంటే ముందుండేది మా అమ్మ.

"కట్టేది నీ కోసమే గదమ్మా!"

"నా కోసమైతే ఆగు."

"నీ కాలు విరిగితే మూఢమొచ్చి కట్టు కడతదా?" అని అరిచాను. అమ్మ మళ్లీ గోంగూర తెంపుకోసాగింది. ఇంత మొండిమనిషిని నేనెక్కడా చూడలేదని మా ఆవిడ ముందు చిందులు తొక్కాను.

ఆమె అంతా విని, "ఇల్లు ఎవరి పేరు మీదుంది?" అని అడిగింది. "నా పేరు మీదే," అన్నాను. "మూఢంల పని మొదలువెడితే ఇంటి యజమానికి కీడట. మీ అమ్మకు తన కాలు గురించి భయం లేదు, మీ గురించే," అంది.

అంతసేపూ అరిచినందుకు సిగ్గేసింది, కళ్లల్లో నీళ్లు కూడా తిరిగాయి.

అనుకున్న రోజు పొద్దున్నే మేస్త్రి ఇద్దరు కూలీలతో వచ్చాడు. సన్నగా వాన పడుతోంది. "ఇప్పుడొద్దు మేస్త్రీ. మూఢం పోయినంక, ఎండాకాలం చెప్పిన రేటుకే చేద్దువు," అన్నాను. మా ఆవిడ నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

అప్పుడే అమ్మ పెరటి చివర నుంచి గోడ పట్టుకుని, అడుగులో అడుగేసుకుంటూ వస్తోంది. చీర కుచ్చెళ్లు తడిసిపోయాయి. నా మాట విని ఆగింది. నా మొహంలోకి కాసేపు చూసింది. తర్వాత కూలీ దగ్గరికి వెళ్లి గడ్డపార అడిగి తీసుకుంది.

"యాడ తవ్వాలె?"

మేస్త్రి చూపించాడు. రెండు చేతులా గడ్డపారను జానెడు లేపి వదిలింది. మట్టి కొంచెం పెళ్లగిలింది.

"షురూ చేసింది నేను. నా కొడుక్కేం సంబంధం లేదు," అంది పైకి చూసి, గట్టిగా. "కీడొస్తే నాకే రానీ. అది కూడ, కొత్త బాత్రూంల ఒక్కసారి స్నానం చేసినంక రానీ."