చెంచా చెంచాగా

ఆ లాండ్రీ ఇస్త్రీ గదిలో అడుగుపెడితే ఆవిరి మొహాన కొడుతుంది. ఆస్పత్రుల దుప్పట్లు రోజంతా అక్కడ వేడి యంత్రాల కింద నలుగుతుంటాయి, వాటితోపాటు మనుషులూ. అక్కడే ఇస్త్రీ చేసే ఒకామెని ఆ మనుషులందరూ పెద్దక్క అంటారు. ఆమె సొంత చెల్లెలు మాత్రం ఆ గదిలోనే కూలిపోయింది.

చెల్లెలు నోట్లో నాలుక లేని పిల్ల. దాహమేసినా సూపర్‌వైజర్‌ని అడగడానికి భయపడేది. మాటిమాటికీ పని వదిలి లేస్తున్నారని నీళ్ళ గదికి తాళం వేయించిన మహానుభావుడు ఆయనే. ఎండలు ముదిరిన ఓ మధ్యాహ్నం పిల్ల పడిపోతే, "నాటకాలాడకు, లే" అన్నాడు. ఎంతకీ లేవకపోయేసరికి, చెమటలో పోయేది ఉప్పే కదా అని చెంబుడు నీళ్ళలో గుప్పెడు ఉప్పు కలిపి పట్టించాడు. ఆ గదిలో అందరూ అదే వైద్యమనుకునేవారు. పెద్దక్క కూడా అలాగే అనుకుంది. చెల్లెలి తల ఎత్తి పట్టుకున్నది ఆమే.

పిల్ల కక్కి కక్కి, ఆస్పత్రిలో ప్రాణం వదిలింది. కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో ఆరు టీ చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, అంతకు మించి ఉప్పు పడితే ప్రమాదమని అక్కడి నర్సు చెప్పింది. అప్పటికి ఆ మాట ఎవరికి కావాలి?

పెద్దక్క పని మానలేదు. ఆ సూపర్‌వైజరూ ఆ గదిలోనే పడాలి, తను కళ్ళారా చూడాలి అనుకుంది. ఏటా ఎండాకాలమంతా ఇంటినుంచి నీళ్ళు కాచి తెచ్చి, నర్సు చెప్పిన కొలతతో పంచదార, ఉప్పు కలిపి అందరికీ పోసేది. కలిపినవాళ్ళే అందరి ముందూ మొదటి గుక్క తాగాలని కట్టుబాటు కూడా పెట్టింది. సూపర్‌వైజర్‌కి మాత్రం చుక్క పోసి ఎరగదు. ఆయన నిమ్మకు నీరెత్తినట్టు తన ఫ్యాన్ కింద కూర్చునేవాడు.

ఈ ఏడు ఆ ఫ్యాన్ కాలిపోయింది. మూడో రోజుకే ఆయన దుప్పట్ల మూటల మధ్య కూలబడ్డాడు. కళ్ళు లోపలికి పోయాయి, పెదాలు ఎండిపోయాయి. పెద్దక్క కడుపులో పాలు పోసినట్టయింది. "నాటకాలాడకు, లే" అంది. ఆయన్ని నువ్వనడం అదే మొదలు.

తక్కినవాళ్ళు ఆయన్ని నీడకు లాగి తడిబట్టలు కప్పారు. అంబులెన్సుకి ఫోన్ చేస్తే, రావడానికి ఆలస్యమవుతుందని అవతలివాళ్ళు చెప్పారు. అందరూ పెద్దక్క వైపు చూశారు. ఆమె చెంబులో నీళ్ళు పోసింది, పంచదార వేసింది, ఉప్పు డబ్బాలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసి వేసేసింది. మొదటి గుక్క ఆమెదే. నోట్లో పోసుకుంది. చెల్లెలు చివరగా తాగింది ఇదేనా అనిపించింది. ఉమ్మేసి, చెంబు తూములో కుమ్మరించి, మళ్ళీ కలిపింది. ఈసారి చెంచాతో కొలిచింది.

గటగటా తాగితే కక్కుతాడు గనుక చెంచా చెంచాగా పట్టింది. చెంచాకీ చెంచాకీ మధ్య చెల్లెలి కథ చెప్పింది, ఏమీ దాచకుండా. తాళం సంగతి, ఉప్పు సంగతి, తను తల పట్టుకున్న సంగతి. ఆయన మొహం తిప్పుకుంటే గడ్డం పట్టుకుని ఇటు తిప్పింది. లేచి వెళ్ళిపోయే సత్తువ ఆయనకి లేదు.

చెంబు సగమయ్యాక ఆయన గొంతు పెగిలింది. "చాలు... ఇంక చాలమ్మా."

"అప్పుడే ఎక్కడ? నా చెల్లెలు ఇంకా ఆస్పత్రికి కూడా చేరలేదు," అంది పెద్దక్క, చెంచా నింపుతూ. "నోరు తెరు."