ఎర్రదీపం ఆరిన పూట

ఉద్యోగంలో నేను చేసిన వెధవ పనులన్నిటికీ ఇది పెద్దన్న. చెబితే సిగ్గు, చెప్పకపోతే కడుపుబ్బరం. మొదట మీరు నవ్వుతారు. ఆ తర్వాత సంగతి నా పూచీ కాదు.

తడ దగ్గర సముద్రపు ఒడ్డు పల్లెలో చిన్న టెలిఫోన్ ఎక్స్ఛేంజీ. అక్కడ కొత్త టెక్నీషియన్ని నేనొక్కణ్ణే. తుఫానుకు సెల్ టవర్లు మూగబోయాయి. నెల్లూరుకు మిగిలింది మా డిజిటల్ లైనే. తెల్లారేసరికి ఆ లైను పెట్టె మీద ఎర్రదీపం వెలిగింది. అవతలి నుంచి సిగ్నల్ రావడం లేదన్నమాట. ఆ పెట్టెది అత్తగారి స్వభావం. అలగడం క్షణాల్లో పని. శాంతించి దీపం ఆర్పాలంటే మాత్రం సిగ్నల్ కాసేపు తెగకుండా రావాలి.

అప్పటికే రోజమ్మక్క తడిసి ముద్దయి గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె భర్త ఏసోబుకు ఆ రోజే నెల్లూరు ఆసుపత్రిలో గుండె ఆపరేషన్. మా సర్వీసు ఫోను ఎత్తితే నేరుగా వార్డులో మోగేలా కలిపి ఉంచుతానని నెల్లూరు ఎక్స్ఛేంజీ మస్తానన్న ముందురోజే మాటిచ్చాడు.

"పొయ్యేటప్పుడు తిట్టి పంపినా అబ్బయా. కత్తి పెట్టకముందే ఒక్క మాట చెప్పాల."

"నేనుండాను గదక్కా!" అన్నాను. నేనుండటమే అసలు ప్రమాదమని పాపం ఆమెకేం తెలుసు?

లోపం పెట్టెలో ఉందో బయట ఉందో తేల్చడానికి ఒక పద్ధతుంది. బయటికి పోయే తీగను లోపలికొచ్చే తీగకు కలిపి లూపు వేస్తాం. ఇక్కడి శబ్దం నెల్లూరు పోకుండా ఇక్కడికే తిరిగొస్తుంది. పెట్టె తన కూత తానే విని, అవతల ఎవరో ఉన్నారని నమ్మి దీపం ఆర్పేస్తుంది. ఎవరి గొంతు వారికి ముద్దు మరి. పెట్టె మంచిదని తేలాక లూపు తీసేయాలి. నేను వేశాను. దీపం ఆరింది. ఆ సంబరంలో తీయడం మరిచాను.

"లైనొచ్చేసిందక్కా, మాట్లాడు!"

ఆమె ఫోనెత్తింది. "ఏమయ్యా, నేనే... పలకడంలా అబ్బయా. ఊపిరి మాత్రం ఇనపడతా ఉండాది."

"నీరసంగా ఉంటాడు. ఆయన్ని మాట్లాడించబాక, నువ్వే చెప్పు." డాక్టరు కూడా నేనే అయిపోయాను.

"నా మాటలు మనసులో పెట్టుకోబాకయ్యా. నీ చేపల పులుసు కుక్కకేసినానని అబద్ధం చెప్పినా. నేనే తినేసినా." ఏడుస్తూనే ఫక్కున నవ్వింది. వెంటనే కళ్లు పెద్దవి చేసింది. "నవ్వినాడు అబ్బయా! నవ్వినాడు!"

ఆమె తేలికపడి వెళ్లిపోయాక లూపు నా కంటబడింది. పీకాను. ఎర్రదీపం మళ్లీ వెలిగింది.

మధ్యాహ్నానికి అసలు లైను వచ్చింది. వెంటనే మస్తానన్న ఫోను.

"యాడ సచ్చినావురా? ఏసోబు తెల్లారకముందే పోయినాడు. ఆపరేషన్ దాకా రాలేదు. ఆమెకు చెప్పు."

కాళ్లీడ్చుకుంటూ వెళ్లి చెప్పాను.

"తెల్లారకముందా? అబద్ధం. పొద్దున నాతో నవ్వినాడు గదా!"

"అవునక్కా, ఆ తర్వాతే" అన్నాను.

ఇప్పటికీ ఆమె ఊరందరికీ చెబుతుంది, ఆయన తనను క్షమించి పోయాడనీ, లైను బాగుచేసిన అబ్బయను ప్రభువు చల్లగా చూడాలనీ. కాబట్టి లోకంలోని సమస్త ఎర్రదీపాల సాక్షిగా ఇదే నా ప్రమాణం: లూపు తీసి, అవతలి మనిషి నోటి మాట నా చెవిన పడేదాకా లైనొచ్చిందని ఇక ఏ ఆడకూతురికీ చెప్పను. ఆ రోజు ఆమె విన్నది ఎవరి ఊపిరో కూడా చెప్పను.