మిగతా తొమ్మిది

ప్రతి డిసెంబరులోనూ మా ఆవిడ బీరువాలోంచి నా స్వెట్టరు తీస్తుంది. మద్రాసులో స్వెట్టరు దేనికని అడగకండి. ఏడాదికోసారి ఎండలో వెయ్యడానికి. దాంతోపాటు నాఫ్తలీన్ వాసన గదంతా పరుచుకుంటుంది. ఇప్పటికీ నాకు సుబ్బరామయ్య మాస్టారు గుర్తొస్తారు.

పంతొమ్మిది వందల యాభైల్లో ఆయన మా కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేవారు. ఎండబెట్టిన మొక్కల మధ్య నాఫ్తలీన్ ఉండలు పెట్టీ పెట్టీ ఆయన చొక్కాకే ఆ వాసన పట్టేసింది. చింతాద్రిపేటలో తాతలనాటి ఇల్లు. ఇంట్లో మాట్లాడే తెలుగులో సగం అరవం. ఆదివారం పొద్దున్నే పార్కు స్టేషనులో ఎలక్ట్రిక్ రైలెక్కించి నన్ను గిండీకి తీసుకెళ్లేవారు. ఊళ్లోనే జింకలు తిరిగే అడవి అది. అందులో ఒక వాగు. వానలు పడే రెండు నెలలు మాత్రమే వాగు. దాని గట్టు వెంట, కలివి పొదల మధ్య కాలిబాటలో నా చదువు సాగింది.

ఆయన పద్ధతి ఒక్కటే. కొత్త మొక్క కనబడగానే ముట్టుకోకూడదు. అలాంటివి పది లెక్కపెట్టాకే ఒకటి పీకాలి. “తొమ్మిదున్నాయి సార్” అంటే, “సరి, కండ్లతో చూసుకోని రాప్పా” అనేవారు. నేను తొమ్మిది దగ్గర ఆగిపోయిన రోజులే ఎక్కువ.

ఒక ఏడు వానలు తగ్గాక ఒక ఆదివారం, రైల్లో ఆయన రెండుసార్లు కళ్లజోడు తుడుచుకున్నారు. “ఈ పొద్దు నీకొకటి చూపించాల. ఇంతదాకా ఎవురికీ చెప్పలా” అన్నారు. ఆయన విషయంలో అది గంతులెయ్యడంతో సమానం.

గట్టు మీద ఆయన ఏదో తీగ పేరు రాసుకుంటూ ఆగారు. నేను ముందుకు నడిచాను. కలివి పొద నీడలో ఒంటికాడ మీద ఊదారంగు పువ్వు. పుస్తకంలో తప్ప నేనెప్పుడూ చూడని నేల ఆర్కిడ్. ఆయన నోట ఒక్క ‘శభాష్’ వినాలన్న ఆశతో తవ్వుకోల నేలలోకి దించాను. మొక్క అడుగునున్న గడ్డ రెండుగా చీలి చేతికొచ్చింది. పరిగెత్తుకెళ్లి ఆయనకిచ్చాను.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

“ఆడ పదుండాయా?”

“ఉన్నాయి సార్.”

అబద్ధం అంత శుభ్రంగా పలుకుతుందని నాకు అప్పుడే తెలిసింది.

“ఆరేండ్లుగా నేనొకటే చూస్తా ఉండా. ఆకేసి పోతాది, పూసిందే లేదు. మొన్నొకపూట నేనొక్కడే వస్తే మొగ్గ కనపడింది, నీకు చూపిద్దామని పిల్చుకోనొస్తి. పా, మిగతా తొమ్మిదీ ఏడుండాయో నాకూ చూపించు.”

ఆయన్ని ఆ ఒక్క గుంట దగ్గరికే తీసుకెళ్లాను. ఆయన తిట్టి ఉంటే ఏడ్చేవాణ్ణి. ఆ సౌకర్యం కూడా కలిగించలేదు. మోకాళ్ల మీద కూర్చుని చీలిన గడ్డలో సగం ఆ గుంటలోనే పెట్టి మట్టి కప్పారు. మిగతాది పువ్వుతో సహా పాత పేపరులో పరిచి అదిమారు. చీటీ మీద ‘సేకరించినవారు’ అన్నచోట నా పేరు రాశారు.

“నా పేరొద్దు సార్.”

“అదెట్లప్పా? పీకినోడి పేరు రాసేదే పద్ధతి.”

‘కనబడిన మొక్కలు’ అన్నచోట ‘ఒకటి’ అని రాశారు.

తరవాతి ఆదివారం పార్కు స్టేషనులో రెండు టికెట్లు పట్టుకుని నా కోసం నిలబడి ఉన్నారు. నేను తట్టుకోలేకపోయింది దాన్నే.

ఆయన పోయి చాలాకాలమైంది. నచ్చింది ఏదైనా చేతికందేంత దూరంలో ఉంటే నాలో ఇప్పటికీ లెక్క మొదలవుతుంది. పది లెక్కపెట్టాకే వంకాయ ముట్టుకుంటానని కూరగాయల బండివాడికి నా మీద అనుమానం. వానలు తగ్గగానే గిండీ వెళ్లి, ఆ సగం గడ్డ మొలిచిందేమోనని ఆ కలివి పొద ముందు వంగి చూస్తాను. అక్కడ మాత్రం ఇంతవరకూ ‘ఒకటి’ అనే అవకాశం రాలేదు.